నలభై ఒకటో జవాబు

నాన్నగారికి,

మీ కూతురు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. కొండ మీద చలి కాస్త తగ్గిందనీ, దానితోపాటే మీ దగ్గూ తగ్గిందనీ తలుస్తున్నాను.

మీ ఉత్తరం చేరి ఇరవై రోజులైంది. ఇంకా జవాబు రాయలేదని అమ్మ రోజూ సాధిస్తోంది. "ఆఫీసులో ఊరందరి మాటలూ రాస్తావు, కన్నతండ్రికి నాలుగు ముక్కలు రాయలేవా?" అంటోంది. నాలుగు ముక్కలే అయితే ఎప్పుడో రాసేదాన్ని.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కొంచెం నయం. కొన్నాళ్ళు కుట్టు మిషను తొక్కడం మానమని డాక్టరు చెబితే, "మీరొచ్చి తొక్కుతారా?" అని అడిగి వచ్చేసింది. వంటింటి కుళాయి బాగుచేయించాం. ఇప్పుడు కారడం లేదు. తిప్పినా నీళ్ళు రావడం లేదు. మళ్ళీ పిలిచాం. నేను చదువుతున్నది లైబ్రరీలో దొరికిన ఒక పాత నవల. చివరి ముప్పై పేజీలు ఎవరో చింపుకుపోయారు. కథంతా చెప్పి, ఏమై ఉంటుందని అమ్మనడిగాను. "ఏముంది, పెళ్ళి చేసుకుని ఉంటారు. అందుకే ఆపైన చదవలేక ఎవరో చింపేశారు" అంది.

"ఆఫీసులో ఇప్పుడైనా నోరు విప్పుతున్నావా తల్లీ?" అని అడిగారు. విప్పాను. ఒకే ఒక్క రోజు. ఆ రోజు గురించే ఈ ఉత్తరం.

ఇంకా రెండు ప్రశ్నలు మిగిలాయి. సెలూన్ ఆయన కేసు ఏమైందని ఒకటి. "నా బదిలీ ఫైలు కదిలిందని ఇక్కడ అంటున్నారు, ఎలా కదిలిందో మాత్రం అంతుబట్టడం లేదు, అక్కడ మీకేమైనా తెలిసిందా?" అని ఇంకొకటి. మీరు వాటిని వేర్వేరు పేరాల్లో అడిగారు. నేను కలిపి చెప్పాలి.

మా ఆఫీసు మీరు చూడలేదు. మిమ్మల్ని కొండ మీది చెక్‌పోస్టుకు వేశాకే నాకీ ఉద్యోగం వచ్చింది. పోలీసుల మీద జనం పెట్టుకునే ఫిర్యాదులు వినే మండలి అంటే ఏదో పెద్ద భవనం అనుకుని ఉంటారు. ఒక పాత బీమా ఆఫీసు పై అంతస్తు. విచారణ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక మూడు కుర్చీలు. మధ్య కుర్చీ పెద్ద మేడమ్‌ది. ఆవిడ రిటైరైన జడ్జి, మాట కరుకు, చెవి చురుకు. నా బల్ల సాక్షి కుర్చీ పక్కనే, కొంచెం కిందుగా ఉంటుంది. అక్కణ్ణుంచి ఎవరి మొహమూ కనబడదు, చేతులు మాత్రమే కనబడతాయి. నాకదే హాయి. అబద్ధం చెప్పేటప్పుడు మనుషులు చేతులతో ఏదో ఒక పని పెట్టుకుంటారు. ఉంగరం తిప్పుతారు, గుండీ లాగుతారు.

సాక్షి చెప్పిందంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాను. ప్రశ్నలకూ జవాబులకూ వరసగా అంకెలు వేసి, మర్నాడు టైపు చేస్తాను. సాక్షి వచ్చి చదువుకుని, ప్రతి పేజీ కిందా సంతకం పెడతాడు. ఆ తర్వాత నా నోటుపుస్తకానికి సీలు వేసి రికార్డు గదిలో పడేస్తారు. దాన్నింకెవరూ తెరవరు. తెరిచినా ఎవరికీ అర్థం కాదు. కన్వెంటులో సిస్టర్ నేర్పిన గుర్తులకు నేను సొంతంగా చాలా కలుపుకున్నాను. నేను రాసింది ఈ లోకంలో నేనొక్కదాన్నే చదవగలను.

సెలూన్ ఆయన సంగతి మీరు పేపర్లో చూసింది సగమే. ఆయనకు కత్తెరతోపాటు నోరు కూడా ఆడుతుంది. ఒక రోజు ఎవరికో క్షవరం చేస్తూ అన్నాడట: "మంత్రిగారి తల నా చేతికిస్తే పైపని పది నిమిషాల్లో అవగొడతాను. లోపలి పనికి మాత్రం నా దగ్గర సామాను లేదు." షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. అందులో ఒకడు నవ్వి, ఇంటికెళ్ళి, ఆ మాట చేరవలసిన చోటికి చేరవేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ మనుషులొచ్చి ఆయన్ని స్టేషనుకు తీసుకుపోయారు. సాయంత్రం ఆసుపత్రిలో చేర్చారు. కుడిచెయ్యి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ విరిగాయి. తడి నేల మీద జారిపడ్డాడని స్టేషను కాగితం.

ఆయన వాంగ్మూలం ఇచ్చిన రోజు పెద్ద మేడమ్ అడిగారు. "జారిపడితే మూడు వేళ్ళే ఎలా విరుగుతాయి?"

"నాకూ అదే అనుమానం మేడమ్. పడింది నేల మీదైతే, ఆ నేలకు బూట్లు ఎవరు తొడిగారా అని."

గదిలో వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేనది కూడా రాసుకున్నాను.

కానీ ఆయన మాటకు ఇన్‌స్పెక్టర్ మాట పోటీ. రెండూ సరిసమానంగా నిలబడ్డాయి. ఆ రోజు స్టేషనులో ఫోను దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ ఒకడు మిగిలాడు. అతని వంతు వచ్చేసరికి పెద్ద మేడమ్ ఊళ్ళో లేరు. రూలు ప్రకారం ఒక్క సభ్యుడైనా వాంగ్మూలం తీసుకోవచ్చు. మిగతా ఇద్దరూ టైపు చేసిన పేజీలు చదువుకుంటారు. అందుకని పక్క గదిలో సభ్యుడు, కానిస్టేబుల్, నేను, ముగ్గురమే కూర్చున్నాం.

నలభై జవాబుల దాకా అతని చేతులు టోపీని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాయి. తర్వాత టోపీ ఒళ్ళో పెట్టేశాడు. నలభై ఒకటో జవాబు ఇది. నాకు కంఠతా వచ్చు.

"నాలుగున్నరకు మంత్రిగారి ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఎత్తింది నేనే. ఇన్‌స్పెక్టర్‌గారికి ఇచ్చాను. ఆయన మాట్లాడి పెట్టేసి, 'వాడి చెయ్యి మళ్ళీ కత్తెర పట్టకూడదట' అన్నారు. నన్ను టీ తెమ్మని బయటికి పంపారు. తిరిగొచ్చేసరికి ఆ సెలూన్ ఆయన చెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు."

సభ్యుడు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత అడిగారు. "టీ ఎక్కణ్ణుంచి తెచ్చావు?"

నలభై రెండో జవాబు టీకొట్టు గురించి.

వారం తిరక్కుండా ఆ కానిస్టేబుల్‌ను ఊరి చివర ట్రాఫిక్‌కు వేశారు. ఆ వాంగ్మూలం టైపై, సంతకాలై, పెద్ద మేడమ్ బల్ల మీదికి వెళ్ళింది. అందులో మంత్రిగారి ఫోను లేదు. ఆవిడ ఆ పేజీలు చదివి, "దీంట్లో ఏమీ లేదే" అని పక్కన పెట్టేశారు. ఫైలు మూసేయడానికి ఒక్క వాయిదా మిగిలింది.

మూసేసి ఉంటే ఇన్‌స్పెక్టర్ కుర్చీలోనే ఉండేవాడు. సెలూన్ ఆయన అబద్ధపు ఫిర్యాదు పెట్టినందుకు తిరిగి కేసు ఎదుర్కునేవాడు.

ఆ వాయిదా కాగితం తీసుకోవడానికి ఆయనొచ్చాడు. నేను భోజనం డబ్బా కడుక్కుని వస్తుంటే వరండా బెంచీ మీద కూర్చుని, ఎడమచేత్తో కత్తెర పట్టుకుని పాత పేపరు కత్తిరిస్తున్నాడు. నాకు పక్కనుంచి జారుకోవాలనిపించింది. మీకు తెలుసు కదా, తెలిసినవాళ్ళు ఎదురైతేనే నాకు ఇబ్బంది.

"అమ్మా, మీ జడ చివర్లు సమంగా లేవు. కళ్ళ ముందు కనబడుతుంటే ప్రాణం ఊరుకోవడం లేదు" అన్నాడు.

నేను జడ ముందుకు లాక్కున్నాను.

"ఇప్పుడు కాదులెండి. ఇది ఇంకా ఒకటో తరగతిలో ఉంది" అని ఎడమచెయ్యి ఎత్తి చూపించాడు. పేపరు అంచు రంపంలా వచ్చింది. "నిన్న మా బావమరిది తల మీద ప్రయత్నించాను. వాడు ఇంట్లోంచి బయటికి రావడం లేదు."

నాకు నవ్వొచ్చింది. అప్పుడాయన ఇంకో మాటన్నాడు.

"ఇక్కడ మిగతావాళ్ళంతా నేను మాట్లాడుతుంటే గడియారం చూస్తారమ్మా. మీరొక్కరే నేను దగ్గినా రాసుకుంటారు. ఏం తీర్పిస్తారో నాకు తెలియదు. కానీ అందరూ చెప్పిందీ కాగితం మీద ఉంది కదా. అందుకే ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతున్నాను."

నేను నా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. పది నిమిషాలు కూర్చున్నాను. తర్వాత పెద్ద మేడమ్ గది తలుపు కొట్టాను. పద్దెనిమిది నెలల్లో ఆ తలుపు నేను కొట్టడం అదే మొదలు. "కానిస్టేబుల్ వాంగ్మూలంలో ఒక జవాబు లేదు మేడమ్" అని చెప్పాను. ఎంత మెల్లిగా చెప్పానంటే ఆవిడ రెండుసార్లు అడిగారు. రెండోసారి విన్నాక పెన్ను కింద పెట్టి, నన్ను పరీక్షగా చూసి, "ఎవరికీ చెప్పకు. నీ నోటుపుస్తకం ఇప్పుడే నా బీరువాలోకి రావాలి" అన్నారు. తనే లేచి రికార్డు గదికి వెళ్ళి తెచ్చుకున్నారు.

వారం తర్వాత విచారణ. ఈసారి గది నిండిపోయింది. ఇన్‌స్పెక్టర్, ఆయన తరఫు లాయరు, పేపర్లవాళ్ళు, వెనక వరసలో సెలూన్ ఆయన. కానిస్టేబుల్‌ను కూడా పిలిపించారు, అతను తలుపు పక్కన నిలబడ్డాడు. పెద్ద మేడమ్ అందరి ముందూ సీలు తెంచి, పుస్తకం తెరిచి, నన్ను సాక్షి కుర్చీలో కూర్చోమన్నారు. నా బల్ల దగ్గర ఆ రోజు ఇంకో ఆఫీసు నుంచి తెచ్చిన స్టెనో కూర్చుంది. నా చేతులు ఎలా కనబడుతున్నాయో ఆమెకే తెలియాలి.

లాయరు పుస్తకం తీసుకుని తలకిందులుగా తిప్పి చూశాడు. "ఏమిటమ్మా ఇది? కోడి గెలికినట్టుంది. దీంట్లో మంత్రిగారున్నారని నువ్వంటే ఉన్నారు, లేరంటే లేరు. అంతేనా?"

నేను పుస్తకాన్ని ఆయన చేతిలోనే సరిగ్గా తిప్పాను.

"మేడమ్, ఈ అమ్మాయి ఏది చదివితే అదే సాక్ష్యమా? ఇది చదవగలిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాను.

"అయితే మీరే ఒక పేజీ తీయండి" అన్నారు పెద్ద మేడమ్ ఆయనతో. "మీ ఇష్టం వచ్చింది. చదివిస్తాను. టైపు చేసిన కాగితంతో పోల్చి చూస్తాను."

ఆయన కళ్ళు మూసుకుని మరీ పుస్తకం తెరిచాడు. అది నెలన్నర కిందటి రోజు, ఇన్‌స్పెక్టర్‌ను విచారించిన రోజు. నేను చదవడం మొదలుపెట్టాను. పెద్ద మేడమ్ టైపు కాగితం మీద వేలు జరుపుతున్నారు. ఒక్క మాట తేడా లేకుండా వస్తోంది. మధ్యలో ఒకచోట ఆగిపోయాను.

"ఏం, రావడం లేదా?" అన్నాడు లాయరు సంతోషంగా.

"వస్తోందండీ. ఇది టైపు చెయ్యలేదు. పక్కవాళ్ళతో అనుకునే మాటలు టైపు చెయ్యం."

"చదవమ్మా, చదువు. దాపరికం దేనికి?"

చదివాను. "లాయరుగారు పక్కనున్నవారితో: ఈ ముసలావిడ ఇవాళైనా మనల్ని భోజనానికి వదులుతుందా, లేక మన ఎముకలు కూడా రికార్డులో పెడుతుందా?"

ముందు పేపర్లవాళ్ళు మొదలుపెట్టారు, ఆపైన అందరూ పడీపడీ నవ్వారు. లాయరు చెవులు ఎర్రబడ్డాయి. తను అనలేదని అనలేకపోయాడు. పెద్ద మేడమ్ మొహంలో ఏ మార్పూ లేదు. "వదులుతాను. ముందు ఈ పని కానివ్వండి" అని, నాతో "నలభై ఒకటి చదువు" అన్నారు.

చదవడం మొదలుపెట్టాను. వెనక వరసలోంచి సెలూన్ ఆయన, "అమ్మా, ఇక్కడికి వినబడట్లేదు!" అన్నాడు. గొంతు పెంచాను. అంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలియదు. మంత్రిగారి ఇంటి నుంచి వచ్చిన ఫోను, ఇన్‌స్పెక్టర్ అన్న మాట, టీ కోసం బయటికి పంపడం, అంతా చదివాను. టీకొట్టు దాకా చదివి ఆపాను.

లాయరు మళ్ళీ లేచాడు. ఈసారి మెల్లిగా మాట్లాడాడు.

"టైపు చేసిన పేజీలో ఇది లేదు కదా?"

"లేదు."

"నలభై తర్వాత నలభై ఒకటి టీకొట్టు. అంకెలు కూడా చక్కగా సర్దేసి ఉన్నాయి. ఆ పేజీ టైపు చేసింది ఎవరు?"

"నేనే."

నాన్నా, ఇక్కడిదాకా ఈ మాట దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ జవాబును తీసేసింది నేనే.

మా సూపరింటెండెంటును ఆఫీసులో "మెత్తాయన" అంటారు. గొంతు ఎప్పుడూ పైకి రాదు. కానిస్టేబుల్ వాంగ్మూలం టైపు చేసిన రోజు, సంతకాలకు ముందు, ఆయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "మీ నాన్నగారి బదిలీ ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో తెలుసా అమ్మాయ్? నేను ఒక మాట వేస్తే కదులుతుంది. రెండేళ్ళయింది కదా, ఆ చలిలో, ఆ దగ్గుతో" అన్నాడు. తర్వాత పేజీ చేతిలోకి తీసుకుని, "ఈ పేజీ మరీ కిక్కిరిసిపోయింది. ఒక జవాబు తక్కువైతే చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు. నేను లేస్తుంటే, "తియ్యమని నేననలేదు సుమా. బాగుంటుందన్నాను" అన్నాడు.

బాగుండేలా టైపు చేశాను. నలభై రెండును నలభై ఒకటి చేశాను, చివరిదాకా ఒక్కో అంకె తగ్గించుకుంటూ వచ్చాను. పనిలో తప్పు దొర్లకూడదని రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

మర్నాడు కానిస్టేబుల్ సంతకాలకు వచ్చాడు. ఒక్కో పేజీ చదువుతూ సంతకం పెడుతూ, ఆ పేజీ దగ్గర ఆగాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. "చెల్లెమ్మా, ఇంకేమైనా మర్చిపోయామా?" అని అడిగాడు. నేను టైపు మిషను మీటల వైపు చూస్తూ "లేదు" అన్నాను. అతను ఇంకొంచెంసేపు నిలబడి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇది కూడా చెప్పాలి. ఆ తర్వాత పదకొండు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. భయపడుతూ గడిపానని చెబితే అబద్ధం. మీ బట్టల బీరువా సర్ది, కింద కొత్త కాగితం పరిచాను. మీ కుర్చీకి వదులైన మేకు దిగ్గొట్టించాను. ఫైలు కదిలిందని మీ ఉత్తరం వచ్చినప్పుడు అమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుంది. నేను మూడుసార్లూ గొంతు మారకుండా చదివాను. సెలూన్ ఆయన ఆ బెంచీ మీద కూర్చోకపోతే, పన్నెండో రోజు కూడా సంతోషంగానే ఉండేదాన్నేమో. నాకు భయం వేసేది అక్కడ.

చూడని సోదాకు సాక్షిగా సంతకం పెట్టనన్నందుకు మిమ్మల్ని ఆ చెక్‌పోస్టుకు పంపారు. మీరు చూడనిది చూశానని రాయలేదు. నేను విన్నది వినలేదని రాశాను. అదీ మిమ్మల్ని ఇంటికి తెచ్చుకోవడానికి.

లాయరు ఎందుకు తీశావని అడిగినప్పుడు ఇదంతా ఆ గదిలో చెప్పేశాను. మీ బదిలీ సంగతి కూడా. పేపర్లలో వచ్చింది. మీ చెక్‌పోస్టుకూ చేరే ఉంటుంది. "మీ అమ్మాయేగా?" అని ఎవరైనా మిమ్మల్ని అడిగి ఉంటే, నా ఉత్తరం కంటే ముందు వాళ్ళ నోటి నుంచి వినవలసి వచ్చినందుకు క్షమించండి. ఈ ఇరవై రోజుల్లో తొమ్మిది ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను.

"అంటే నువ్వు అబద్ధాలు టైపు చేసే మనిషివి. నీ మాట మేము నమ్మాలి!" అన్నాడు లాయరు.

నిజమే కదా. తలుపు దగ్గర్నుంచి కానిస్టేబుల్ గొంతు వినబడింది. "ఆ అమ్మాయిని వదిలెయ్యండి సార్. ఆ మాట చెప్పింది నేను."

పెద్ద మేడమ్ అతన్ని ముందుకు పిలిచారు. "సంతకం పెట్టేటప్పుడు అది లేదని చూశావా?"

"చూశాను మేడమ్."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నాకు ఇద్దరు పిల్లలున్నారు మేడమ్."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ ఇద్దరే మేడమ్." గదిలో కొందరు నవ్వారు. అతను నవ్వలేదు. "కానీ ఇంతకుముందు నేనొక్కణ్ణే అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ ఆ పూట మొదటిసారి చేతులు బల్ల కిందకి పెట్టుకున్నాడు. నేను సాక్షి కుర్చీలో ఉన్నాను కాబట్టి మొహం కూడా కనబడింది. నేననుకున్నంత క్రూరంగా లేదు. బస్సు తప్పిపోయిన మనిషిలా ఉన్నాడు.

ఇక ఫలితాలు. ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. వేళ్ళు విరగ్గొట్టినందుకు ఆయన మీద కోర్టులో కేసు పెట్టమని మండలి ఉత్తర్వు ఇచ్చింది. వేళ్ళు విరిగిన రోజు స్టేషనుకు ఎక్కణ్ణుంచి ఫోన్లు వచ్చాయో జాబితా పెద్ద మేడమ్ ముందే తెప్పించి ఉంచారు. నాలుగు ముప్పై రెండుకు మంత్రిగారి ఇంటి నంబరు ఉంది. ఆయన స్వయంగా వచ్చి సమాధానం చెప్పాలని నోటీసు పంపారు. విచారణ జరిగిన మధ్యాహ్నమే దాన్ని నేను టైపు చేశాను. నేను టైపు చేసినవాటిలో అంత పొట్టి కాగితం ఇంకొకటి లేదు, అన్నిసార్లు సరిచూసుకున్నదీ లేదు. మా జవాను దాన్ని తీసుకెళ్ళి గేటు ముందు మూడు గంటలు నిలబడ్డాడట. "సార్ స్నానం చేస్తున్నారు" అన్నారట. "చెయ్యనివ్వండి, ఆరేదాకా ఉంటాను" అన్నాడట. చివరికి సంతకం పెట్టి తీసుకున్నారు. ఇదంతా తన మీద కుట్ర అని మంత్రిగారు పేపర్లకు చెప్పారు. ఇంకా మంత్రిగానే ఉన్నారు. కానీ వచ్చే నెల పదో తారీకున మా పాత బీమా ఆఫీసు మెట్లెక్కి, ఆ కుర్చీలో కూర్చుని జవాబు చెప్పాలి. ఎవరూ పైకి అనడం లేదు గానీ, ఆఫీసులో అందరూ ఆ కుర్చీని దాటి వెళ్ళేటప్పుడు ఒకసారి చూసి వెళ్తున్నారు.

మెత్తాయన మీద విచారణ వేశారు. ఆయన ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. పక్క గదిలో కళ్ళద్దాలు తుడుచుకున్న సభ్యుడు తనకేమీ గుర్తులేదని చెప్పి, రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు.

నాకూ శిక్ష పడింది. పెద్ద మేడమ్ పిలిచి చెప్పారు. "నువ్వొచ్చి చెప్పావు కాబట్టి ఉద్యోగం ఉంది. చేశావు కాబట్టి శిక్ష ఉంది. రెండూ నీ సర్వీసు పుస్తకంలో రాస్తున్నాను." ఆరు నెలలు వాంగ్మూలాలు తీసుకోకూడదు, రికార్డు గదిలో పని. అది సరైన శిక్షే. పదో తారీకున మంత్రిగారి జవాబులు నేను రాసుకోలేకపోవడమే కొంచెం బాధ. ఆ కొత్త స్టెనోకు నా బల్ల అప్పగిస్తూ, వేగం తగ్గినా ఏమీ వదలొద్దని చెప్పాను.

మీ బదిలీ ఫైలు వెనక్కి వెళ్ళింది. విచారణతో సంబంధం ఉన్నందున ప్రస్తుతం పరిశీలించలేమని రాశారు. ఇంకో ఏడాది పట్టవచ్చు. నా వల్ల కదిలిన ఫైలు నా వల్లే ఆగింది.

అమ్మకు చెప్పిన రోజు సాయంత్రం ఆమె ఎవరిదో జాకెట్టు కుడుతోంది. అంతా విని, మిషను ఆపకుండానే, "నువ్వు రెండు పనులు చేశావు. దేన్ని ముందు తిట్టాలో తెలియడం లేదు" అంది. ఆ రాత్రీ మర్నాడూ నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న కాఫీ ఇస్తూ అడిగింది.

"ఆ సెలూన్ ఆయన చెయ్యి బాగవుతుందా?"

"బొటనవేలు పూర్తిగా వంగదట. ఎడమచేత్తో నేర్చుకుంటున్నాడు."

"ఇంటికి పిలు. నా జుట్టు చివర్లు కత్తిరించమందాం. నా వయసుకు వంకరగా వచ్చినా ఫరవాలేదు." ఖాళీ గ్లాసు తీసుకుంటూ మళ్ళీ అంది. "మీ నాన్నను ఇక్కడికి తెప్పించుకోవడానికి ఎవడి కాళ్ళో పట్టుకునేకన్నా, ఈ మోకాలితో నేను కొండెక్కడమే నయం. సెలవు పెట్టు."

ఆయన వచ్చి కత్తిరించాడు. వంకరగానే వచ్చింది. అమ్మ అద్దంలో చూసుకుని, "ఎడమవైపు మంత్రిగారి పని, కుడివైపు మీ పని" అంది. ఆయన పగలబడి నవ్వాడు. నా జడ కూడా ఇచ్చాను. నాది కొంచెం నయం.

నాన్నా, పోలీసులందర్నీ నేను ఒక గాటన కట్టడం లేదు. తలుపు దగ్గర నిలబడి గొంతెత్తినవాడు కూడా పోలీసే. నేను చిన్నప్పటినుంచీ చూసిన పోలీసు మీరు. మీ దగ్గరికి రావడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా వస్తున్నాను.

వచ్చే శనివారం మధ్యాహ్నం బస్సులో అమ్మా నేనూ ఉంటాం, ఎడమవైపు మూడో వరసలో. మీ చెక్‌పోస్టు దగ్గర ప్రతి బస్సునూ ఆపి, ఎక్కి, ఒక్కొక్కర్నీ అడుగుతారు కదా, సంచుల్లో ఏమైనా దాచారా అని. మమ్మల్ని కూడా అందరిలాగే అడగండి. అమ్మ దగ్గర మీ కోసం అల్లిన ఉన్ని మఫ్లరు ఉంటుంది. నా దగ్గర దాచినవేమీ ఉండవు.

ఇట్లు,
మీ ఒక్కగానొక్క కూతురు